తాతయ్యని ఉంచుకుని రాముణ్ణి తీసేస్తామంటే కుదరదు

మా తాతయ్య 2019లో పోయారు. ఇప్పటికీ ఆయన మాట వస్తే మా ఇంట్లో పెద్దాళ్ళకీ చిన్నాళ్ళకీ కూడా గొంతు మారిపోతుంది, అంత ఇష్టం ఆయనంటే. అందులో నాకు పేచీ లేదు, నా పేచీ అంతా ఆ ఇష్టాన్ని మేం చెప్పుకునే తీరుతోనే. మొన్న ఆబ్దికం రోజు మా కజిన్స్ వాట్సాప్ గ్రూపులో ఒకళ్ళు "తాతయ్యది భక్తి అనేకంటే డిసిప్లిన్ అనాలి, ఆ రోజుల్లోనే మైండ్‌ఫుల్‌నెస్ చేసిన మనిషి" అని పెట్టారు, ఇంకొకళ్ళు "దేవుడున్నాడో లేడో తెలీదు గానీ మనకి తాతయ్యే దేవుడు" అన్నారు, దండాలూ హార్టులూ వరసగా పడ్డాయి. ప్రేమతో అన్న మాటలే. కానీ తాతయ్య ఆ రెండో మాట వింటే చెవులు మూసుకునేవారు, మొదటిది వింటే అదేంటో అడిగి తెలుసుకుని, "నేను చేసేది అది కాదురా" అనేవారు. ఆయన జీవితం మొత్తంలో ఆయనకి అన్నిటికంటే ముఖ్యమైన దాన్ని పక్కకి తీసేసి, మిగిలిన మనిషిని మాత్రం దండేసి పెట్టుకోవడం నాకు ఎంతమాత్రం న్యాయంగా అనిపించట్లేదు.

తాతయ్య రైస్‌మిల్లులో గుమస్తా. చిట్టా, ఆవర్జా, జమాఖర్చులు, బస్తాల లెక్కలు, జీవితమంతా అదే పని. పొద్దున్నే మిల్లుకి వెళ్ళే ముందు రామకోటి రాసేవారు. తెలీని వాళ్ళ కోసం చెప్తున్నా, రామకోటి అంటే శ్రీరామ అన్న పేరు కోటిసార్లు చేత్తో రాయడం, ఇప్పుడు గళ్ళు అచ్చేసిన పుస్తకాలు దొరుకుతాయి గానీ ఆయన మామూలు లాంగ్ నోట్‌బుక్కులో స్కేలు పెట్టి తనే గళ్ళు కొట్టుకునేవారు. పేజీకి 250 గళ్ళు, రోజుకి రెండు పేజీలు, అంటే 500. రెండొందల పేజీల పుస్తకం వంద రోజులకి అయిపోయేది. పేజీ అడుగున వెనక పేజీ మొత్తం, ఈ పేజీ మొత్తం, కలిపి ఎంతయిందో మిల్లు ఆవర్జాలో వేసినట్టే వేసేవారు.

ఈ లెక్క కాస్త జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే తాతయ్యని "ముసలితనంలో కాలక్షేపం" అనేవాళ్ళకి జవాబు ఇందులోనే ఉంది. రోజుకి వెయ్యి రాస్తే కోటికి పదివేల రోజులు, అంటే 27 ఏళ్ళు దాటుతుంది. రోజుకి 500 అయితే ఇరవై వేల రోజులు, దాదాపు 55 ఏళ్ళు. మొదటి పుస్తకం మీద తారీఖు 1964 శ్రీరామనవమి. అప్పటికి ఆయనకి ఇరవై ఏడేళ్ళు, నాన్న నానమ్మ కడుపులో ఉన్నాడు, మీద అప్పు ఉంది, తమ్ముళ్ళిద్దరి చదువు ఉంది. ఒక్కరోజు కూడా తప్పకుండా రాసినా పూర్తయ్యేసరికి ఎనభై రెండు వస్తాయని, అంతకాలం ఉంటానో లేదో చెప్పలేనని గుమస్తా పని చేసేవాడికి తెలీకుండా ఉంటుందా. తెలిసే మొదలుపెట్టారు. ఖాళీ దొరికి మొదలుపెట్టిన పని అస్సలు కాదది, ఖాళీ అనేదే లేని వయసులో రోజూ ఓ ముప్పావుగంట ఎక్కణ్ణించో తీసి ఇచ్చారు. త్యాగరాజస్వామి రోజుకి లక్షా పాతికవేల చొప్పున ఇరవై ఒక్క ఏళ్ళలో 96 కోట్ల రామనామం చేశారని సంప్రదాయంగా చెప్తారు కదా, తాతయ్య దాన్ని కూడా ఓ పేజీ చివర హెచ్చవేసి చూసుకుని "దాదాపు సరిపోయింది" అని రాసుకున్నారు. అలాంటి మనిషి.

ఆ ముప్పావుగంట ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చెప్పాలి, అది చెప్పకుండా తాతయ్య భక్తి గురించి ఎంత రాసినా సగమే. నానమ్మ నాలుగింటికి లేచేది. నీళ్ళు కాచి, దీపం పెట్టి, పిల్లల్ని లేపి, వంట సగం చేసి, ఆయన పెన్నులో సిరా కూడా తనే పోసి పెట్టేది. ఆయన కూర్చున్నంతసేపూ ఏ పిల్లాడూ ఏడవకుండా చూసేది. ఆవిడ రామకోటి రాయలేదు, ఆవిడకి అంత తీరిక ఎవరిచ్చారు? "సీతమ్మని అడవికి పంపించినాయన పేరు రోజూ అయిదొందల సార్లు రాస్తారు, నన్ను ఒక్క సినిమాకి పంపించండి చూద్దాం" అని ఆవిడ అంటే తాతయ్య నవ్వేవారు గానీ జవాబు చెప్పేవారు కాదు. ఉత్తరకాండ గురించి ఆవిడ అడిగిన ప్రశ్నలకి ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు కూడా, "దానికి నేనూ బాధపడతానే" అనేవారు అంతే. ఆ 186 పుస్తకాల మీద ఆవిడ పేరు కూడా ఉండాలని నా అభిప్రాయం, ఇంట్లో చెప్పాను, అందరూ ఒప్పుకున్నారు.

ఇక అసలు సంగతి, మార్జిన్లు. ఎర్ర పెన్సిల్‌తో గీసిన ఆ మార్జిన్లలో తాతయ్య అప్పుడప్పుడూ రెండు మూడు మాటలు రాసేవారని ఆయన ఉండగా మాకెవరికీ తెలీదు. ట్రంకు పెట్టెలు తెరిచాక బయటపడింది. "ఇంట్లో జ్వరం" (ఇంట్లో అంటే నానమ్మ, పేరు రాయరుగా), "పెద్దోడికి ఉద్యోగం", "బాకీ తీరింది", "మనవరాలు పుట్టింది, 3 కేజీలు". కొన్ని పేజీల్లో గోదావరి నీటిమట్టం ఉంది. భద్రాచలం దగ్గర నీళ్ళు 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, వానాకాలం వస్తే రేడియో వార్తల్లో ఆ అంకె వినకుండా ఆయన భోజనానికి లేచేవారు కాదు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, ఆ అంకె మార్జిన్లో ఉంది, కింద "స్వామీ, ఊరు" అని రెండు మాటలు. గుడి గట్టు మీద ఉంటుంది, మునిగేది ఊరు, ఆ సంగతి ఆయనకి తెలుసు, అందుకే ఊరు అని రాశారు. 2022 జూలైలో మళ్ళీ 71.3 దాకా వచ్చినప్పుడు తాతయ్య లేరు, కానీ నాన్న టీవీ ముందు నుంచి లేవలేదు, నాన్న గుడికి వెళ్ళడమే అరుదు.

1977 నవంబర్ 19 తర్వాత కొన్నాళ్ళు పేజీలు అసలు లేవు. దివిసీమ ఉప్పెన. మిల్లు యజమాని పంపించిన బియ్యం లారీతో తాతయ్య వెళ్ళారట, ఎన్నాళ్ళున్నారో నానమ్మకి కూడా గుర్తులేదు, వచ్చాక చాలా రోజులు సరిగ్గా తినలేదని మాత్రం గుర్తుంది. పుస్తకం వెంట తీసుకెళ్ళలేదు. నియమం తప్పిందన్న బాధ ఆ తర్వాతి పేజీల్లో ఎక్కడా కనపడదు, తారీఖు వేసి, ఆగిన దగ్గర్నుంచి లెక్క ఎత్తుకున్నారు, అంతే. వట్టి డిసిప్లిన్ కోసం రాసేవాడైతే ఆ రోజులకి బాకీ కట్టుకుని రాత్రిళ్ళు కూర్చుని భర్తీ చేసేవాడు. ఆయన ఎందుకు చెయ్యలేదంటే ఆ రోజులు కూడా రాముడికే పోయాయని ఆయన నమ్మకం, నాకు అలాగే అర్థమైంది.

ఇంకో ఖాళీ కూడా ఉంది. మా మేనత్తలిద్దరికీ మధ్యలో ఒక పాప ఉండేదట, నాలుగేళ్ళకి జ్వరం వచ్చి పోయింది. అక్కడ మూడు నెలలకి పైగా ఏమీ లేదు. నానమ్మని అడిగితే "అప్పుడు రాముడితో మాట్లాడ్డం మానేశారు" అంది, ఆ మాట మామూలుగానే అనేసింది. రోజూ మిల్లుకి వెళ్ళారు, పిల్లల్ని చూసుకున్నారు, పుస్తకం మాత్రం ముట్టలేదు. తర్వాత ఒకరోజు తారీఖు వేసి మళ్ళీ మొదలుపెట్టారు. మార్జిన్లో ఏమీ లేదు. నమ్మకం అనేది బలహీనుల ఊరట, కష్టాన్ని మర్చిపోవడానికి వేసుకునే మందు అని నాతో వాదించే ఫ్రెండ్స్ ఉన్నారు, వాళ్ళకి నేను ఈ మూడు నెలల గురించి చెప్తాను. ఊరట అత్యవసరమైన రోజుల్లో ఆయనకి దాన్నుంచి ఏ ఊరటా దొరకలేదు. అయినా వెనక్కి వచ్చారు. అలిగి మాట్లాడ్డం మానెయ్యాలన్నా అవతల ఒకరున్నారని గట్టిగా నమ్మాలి కదా, మెడిటేషన్ మీద ఎవరూ అలగరు.

కంచర్ల గోపన్న, అదే భక్త రామదాసు, కథ తాతయ్య మాకు చెప్పినప్పుడు ఎక్కువసేపు ఆగేది కూడా అక్కడే. పాల్వంచ తహశీల్దారు, సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడు, గోల్కొండలో పన్నెండేళ్ళు ఖైదు చేశారంటారు, ఆ గది ఇప్పటికీ కోటలో చూపిస్తారు. ఆ చీకట్లో ఆయన రాముణ్ణి తిట్టాడు, ఏ నగకి ఎంత ఖర్చయిందో లెక్క చెప్పి మరీ నిలదీశాడు, తర్వాత దెబ్బలకి ఓర్చలేక అన్నానయ్యా అని ఏడ్చాడు. మాకు చిన్నప్పుడు రాముడూ లక్ష్మణుడూ గోల్కొండ నవాబు తానీషా దగ్గరికి వచ్చి ఆరు లక్షల మొహరీలు కుప్పపోసే ఘట్టం ఇష్టం, తాతయ్యకి మాత్రం ఆ తిట్ల ఘట్టం ఇష్టం. అంత చనువు లేకపోతే అది భక్తేంట్రా అనేవారు. ఇంకోటి కూడా అనేవారు, పన్నెండేళ్ళు జైల్లో ఏడ్చిన గోపన్నకి కనపడకుండా రాముడు ముందు తానీషాకే కనపడ్డాడు, ఆయన ఏ మతంవాడో రాముడు చూడలేదు అని. కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపడం తానీషా మొదలుపెట్టిందే అని చెప్తారు, 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయాక ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ మర్యాద ఇవాళ్టికీ ప్రభుత్వమే చేస్తోంది. కథ మొదలుపెట్టడం కూడా ఆయన గోపన్నతో మొదలుపెట్టేవారు కాదు, దమ్మక్కతో మొదలుపెట్టేవారు. పోకల దమ్మక్క, అడవిలో ఉండే గిరిజన ముసలావిడ, విగ్రహాలు ముందు దొరికింది ఆవిడకి, తాటిపండు నైవేద్యం పెట్టింది ఆవిడ, తహశీల్దారు తర్వాత వచ్చాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు మా బంధువుల్లోనే కొంతమంది తాతయ్య ఫోటో పెట్టి దాని కింద వేరే మతం వాళ్ళని తిట్టే మెసేజీలు ఫార్వర్డ్ చేస్తున్నారు. ఆయన పేరుతో ఆ పని చెయ్యకండి. 55 ఏళ్ళ మార్జిన్లు మొత్తం తిరగేశాను, ఎవరి మీదా ద్వేషం ఒక్క ముక్క లేదు.

సరే, మైండ్‌ఫుల్‌నెస్ వాళ్ళ గురించి చెప్పాను, ఇటుపక్క వాళ్ళు కూడా ఉన్నారు, తాతయ్యని ఋషిని చేసేసినవాళ్ళు. "ఆయనకి కోపమే తెలీదు" అంటారు. ఎందుకు తెలీదు, మిల్లులో తూకంలో మోసం జరిగిన రోజు ఆయన అరుపు వీధి చివరికి వినపడేది. "ఎవరికీ అన్యాయం చెయ్యలేదు" అంటారు. చిన్నత్త చదువు పదో తరగతితో ఆపేసింది ఎవరు? ఆవిడకి స్కూల్లో ఫస్టు మార్కులు. బాబాయ్‌ని కాలేజీలో చేర్చాలి, డబ్బు ఒకరికే ఉంది, ఆడపిల్లవి కదా అన్నారు, అయిపోయింది. చివరి మూడేళ్ళూ మంచం మీద ఉన్న తాతయ్యకి అన్నం తినిపించింది కూడా ఆ చిన్నత్తే. ఇది రాయడానికి అత్త ఒప్పుకుంది, ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

ఆ పెట్టెల్లో అత్త పెళ్ళయిన చాలా ఏళ్ళకి తాతయ్య రాసిన ఒక పుస్తకంలో, మార్జిన్లో, "చిన్నదానికి అన్యాయం చేశాను" అని ఉంది. ఒక్క లైను. అది ముందు చూసింది అత్తే. చాలాసేపు ఆ పేజీ పట్టుకుని కూర్చుంది. మేమందరం ఏదో అనబోయాం, పోన్లే అత్తా ఆయనకి తెలిసిందిగా అని ఎవరో అన్నారు కూడా. అత్త ఏమందంటే, "నాన్న ఈ మాట నాకు చెప్పలేదర్రా, రాముడికి చెప్పుకున్నాడు. నాకు చెప్తే బాగుండేది. కానీ చెప్పుకున్నది ఆయనకి, ఈ పుస్తకం ఆయనకే పోవాలి."

ఇప్పుడు ఇంట్లో గొడవ అదే. రామకోటి పుస్తకాలు రాసినవాళ్ళు భద్రాచలం తీసుకెళ్ళి స్వామికి సమర్పించడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి, తాతయ్య అనుకున్నదీ అదే, మొదటి పుస్తకం అట్ట లోపల "భద్రాద్రి రామునికి" అని రాసి ఉంది. కానీ మార్జిన్లు బయటపడ్డాక మా వాళ్ళు చాలామంది మనసు మార్చుకున్నారు. ఇవి ఫ్యామిలీ హిస్టరీ, ఇచ్చేస్తే మళ్ళీ దొరకవు, లామినేషన్ చేయిద్దాం, మనిషికి కొన్ని పంచుకుందాం అంటున్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, ఆ చేతిరాత చూస్తే నాకూ వదలబుద్ధి కాదు. అయినా నేను అత్త వైపే. ఎవరికో రాసిన ఉత్తరం మన ఇంట్లో దొరికింది, అందులో మన సంగతులు కూడా ఉన్నాయి, అంతమాత్రాన అది మనది అయిపోదు కదా. తాతయ్య మమ్మల్ని ఎంత ప్రేమించారో ఆ మార్జిన్లలో ఉంది, నిజమే, కానీ ఆ ప్రేమ గురించి ఆయన మాట్లాడుతున్నది వేరొకరితో. మా జ్వరాలూ మా ఉద్యోగాలూ మా మూడు కేజీలూ అన్నీ ఆయన రోజూ ఒకరికి అప్పజెప్పుకుంటూ వచ్చారు. ఆ ఒకరిని నేను నమ్మాలా అంటే అక్కర్లేదు, నాకు ఆయనకున్నంత నమ్మకం లేదు, ఉన్నట్టు నటించను. కానీ ఆయన నమ్మాడు. నేను ఆయన్ని ప్రేమిస్తున్నానని చెప్పుకుంటూ ఆయన ఇచ్చిన మాటని నా జ్ఞాపకాల కోసం ఆపేస్తే, అప్పుడు నేను ప్రేమిస్తున్నది నాకు నచ్చినట్టు కత్తిరించుకున్న తాతయ్యని.

కుటుంబం కోసం భక్తి, భక్తి ఉన్నా కుటుంబాన్ని చూసుకున్నారు, ఇలా రెండు ముక్కలుగా చెప్పేవాళ్ళతో కూడా నాకు కుదరదు. భద్రాచలంలో మూలవిరాట్టు చూసినవాళ్ళకి తెలుసు, రాముడి ఎడమ తొడ మీద సీతమ్మ కూర్చుని ఉంటుంది, పక్కన లక్ష్మణుడు. తాతయ్య కొలిచింది అలా ఇంటివాళ్ళతో కలిసి ఉన్న దేవుణ్ణి. మొదటి జీతంలో దాచిన డబ్బుతో భద్రాచలం వెళ్దామనుకుని అది తమ్ముడి ఫీజుకి కట్టేశారు, తర్వాత అత్త పెళ్ళి, తర్వాత నానమ్మ ఆపరేషన్, అలా వాయిదా పడీ పడీ ఆయన అక్కడికి వెళ్ళేసరికి జుట్టు నెరిసింది. ఆ వాయిదాల గురించి ఆయన ఎప్పుడూ త్యాగం అన్న మాట వాడలేదు. ఆయనకి అవన్నీ ఒకే పద్దు.

ఇంకో చిన్న తగువు, ఎక్కడ ఇవ్వాలని. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రా ప్రభుత్వం నవమి ఉత్సవాలు కడప జిల్లా ఒంటిమిట్టలో చేస్తోంది కాబట్టి, మనం ఆంధ్రాలో ఉన్నాం కాబట్టి అక్కడే ఇద్దాం అని పెదనాన్న అన్నారు. ఒంటిమిట్ట కోదండరాముడి గుడి గొప్పది, వెన్నెల్లో జరిగే ఆ కల్యాణం చూసి తీరాలి. కానీ తాతయ్య అట్ట మీద రాసిన పేరు వేరు. ఆయన పుట్టినప్పుడు భద్రాచలం గోదావరి జిల్లాలోనే ఉంది, 1959లో ఖమ్మంలో కలిపారు, ఇప్పుడు జిల్లా పేరు కూడా మారింది, ఇవేవీ ఆయన పట్టించుకోలేదు, మనం కూడా పట్టించుకోవద్దన్నాను. పెదనాన్న సరే అన్నారు.

చివరి పుస్తకంలో చివరి మొత్తం దాదాపు 93 లక్షల దగ్గర ఆగింది. మిగతా ఏడు లక్షలూ మనవలందరం పంచుకుని పూర్తి చేద్దాం, ఇప్పుడు రామకోటికి యాప్‌లు కూడా ఉన్నాయి, ఫోన్లో తాకితే చాలు అని మా అన్నయ్య ప్రపోజల్. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ఒప్పుదల కాలేదు. ఆ ఏడు లక్షల్లో దివిసీమ ఉంది, ఆ పాప ఉంది, నానమ్మ హాస్పిటల్ రోజులున్నాయి, చెయ్యి వణికి పెన్ను పట్టలేని ఆఖరి రోజులున్నాయి. వాటిని భర్తీ చేసి రౌండ్ ఫిగర్ చెయ్యమని ఆయన మనల్ని అడగలేదు. తారీఖులు ఆయనే వేశారు, ఖాళీలు కూడా ఆయనే వదిలారు. ఎవరికైనా రాయాలని ఉంటే కొత్త పుస్తకం తీసుకుని ఒకటి నుంచి మొదలుపెట్టుకోవచ్చు, అత్త అదే చేస్తోంది, రోజుకి ఎన్ని రాస్తోందో చెప్పదు.

మార్జిన్లు ఫోటోలు తీశాం, పుట్టినరోజులూ పెళ్ళిళ్ళూ ఉన్న పేజీలు అన్నీ. అత్త పేజీ తియ్యలేదు, వద్దంది. నవమికి రద్దీ ఎక్కువ ఉంటుంది కాబట్టి అంతకంటే ముందే, మాఘమాసంలో వెళ్తున్నాం. రెండు ట్రంకు పెట్టెలు, కారులో పట్టవు, బాబాయ్ వ్యాను మాట్లాడుతున్నాడు. నానమ్మ కూడా వస్తానంటోంది, మెట్లు ఎక్కలేదు కాబట్టి కుర్చీ చూడాలి. మన ఇంటివాళ్ళలో ఎవరెవరు వస్తారో ఈ నెలాఖరులోగా నాకు చెప్పండి, నమ్మకం ఉందా లేదా అని అక్కడ ఎవరూ అడగరు, పెట్టెలు మొయ్యడానికి మనుషులు కావాలి.